వెనుకకు నడచి కొండ నెక్కిన కారు

1915వ సంవత్సర ప్రాంతమున అమెరికా పల్లెబాటల మీద ఒక వింత తరచుగా కానవచ్చుచుండెను. నిటారైన గట్టు ఎదురు కాగానే నల్లని చిన్న కారొకటి దాని మొదట ఆగి, ఒకింత తటపటాయించి, బాట వెడల్పుగా నున్న చోటు చూచుకొని ముఖము త్రిప్పుకొని, వీపు గట్టునకును ముఖము పల్లమునకును పెట్టి, మెడ పట్టునట్లు వెనుదిరిగి చూచుచున్న యజమాని చేతిలో, వెనుకకు వెనుకకు నడచుచు గట్టు నెక్కెడిది. దారిన పోవువారెవరును నిలిచి చూచెడివారు కారు, నవ్వెడివారును కారు. ఏలయన రేపు తమ కారునకును అదే గతి యని వారెరుగుదురు.

ఆ కారు పేరు ఫోర్డు మోడల్ టీ. 1908 అక్టోబరు 1వ తేదీన డెట్రాయిట్ నగరమున లోకమునకు పరిచయమై, 1927 మే నెల వరకు ఎడతెగక తయారై, కోటిన్నర సంఖ్యను అందుకొన్న ఈ వాహనమునకు పెట్రోలు తొట్టి ముందు సీటు క్రింద నుండెను. తొట్టిలోని పెట్రోలును తోడి కార్బురేటరున కందించు పంపు ఏదియు లేదు. పైనున్న మడిలోని నీరు క్రింది మడిలోనికి జారినట్లు అది తనంతట తానే పారవలెను. నీరు పల్లమెరుగునని మన పెద్దలన్న మాట పెట్రోలునకును వర్తించును గదా. బండి ముందుభాగము పైకి లేచి, తొట్టిలో పెట్రోలు అడుగంటి యున్నప్పుడు, కార్బురేటరు తొట్టి కంటె ఎత్తయి పోవును. ఇంజను దప్పికతో ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోవును. బండిని వెనుకకు త్రిప్పినచో తొట్టి మరల ఎత్తున పడును. అంతియ కాక ఆ బండికి ముందుకు సాగు మొదటి గేరు కంటె వెనుకకు సాగు గేరే బలమైనది. కావున తల వంచుకొని వీపుతో కొండ నెక్కుట ఆ కారునకు అవమానము కాక ఉపాయమయ్యెను.

పాతకార్ల ప్రేమికులు మనలోను పెరుగుచున్నారు. ఆదివారపు ఉదయమున వరుసగా నిలిపిన వాహనముల ఇత్తడి దీపములను, కొయ్య ఆకుల చక్రములను, తోలు సీట్లను తడిమి చూచి, ఆ కాలపు వస్తువులెంత గట్టివో యని నిట్టూర్చుట పరిపాటి యైనది. నాకు మాత్రము అట్టి ప్రదర్శనలలో కారు కంటె దాని ప్రక్కన నూనెగుడ్డ పట్టుకొని నిలిచిన యజమాని మీదనే చూపు పోవును. ఇంటినుండి ఇచ్చటి వరకు దానిని తెచ్చుటకు అతడు ఎన్నిమార్లు దిగెనో, ఎవరెవరిచేత తోయించెనో అతని చొక్కా చేతులు చూచినచో తెలియును. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున ఒక పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సింహాసన శకటమున్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకొనగా, ఆయన 1911లో గతించుటచే అది ఏడవ నిజాము కాలమున ఆస్థానమును చేరినది. ఉత్సవ సమయములందు తప్ప కదలక, ఇన్నేండ్లకును కొన్ని వందల మైళ్ళు మాత్రమే నడచినది. నడువని కారునకు దోషములెక్కడివి? మోడల్ టీ అట్టిది కాదు. అది బురదలో నడచినది, మంచులో నడచినది, పాలడబ్బాలు మోసినది, వెనుక చక్రమును జాకీమీద లేపి బెల్టు తగిలించినచో కట్టెలు కోసినది, నీరు తోడినది. కనుకనే దాని దోషములు లోకమున కంతటికిని తెలిసినవి.

ఆ దోషములను గురించి ముందుగా ఒక మాట చెప్పవలసి యున్నది. పాత యంత్రములలోని లోపములన్నియు ఆనాటి వారి అజ్ఞానము వలన కలిగినవని మనము ఉదారముగా తలచుచుందుము. మోడల్ టీ విషయమున ఆ ఔదార్యము చెల్లదు. మొట్టమొదట తయారైన సుమారు 2,500 కార్లలో ఇంజనును చల్లబరచు నీటిని త్రిప్పుటకు పంపు ఉండెను. 1909లో దానిని తీసివేసిరి. కాగిన నీరు తేలికయై పైకి పోవును, చల్లారిన నీరు బరువై క్రిందికి దిగును, ఈ ప్రకృతిధర్మమే చాలునని నిశ్చయించిరి. చల్లని వేళ, చదునైన బాట మీద అది చాలును. ఎండలో, ఇసుకలో, ఎగువబాటలో రేడియేటరు అత్తెసరు కుండవలె కుతకుతలాడును. పంపు సంగతి తెలియనివారు పెట్టకపోవుట వేరు, పెట్టినదానిని తీసివేయుట వేరు. తీసివేసిన పంపు ఖరీదు కంపెనీకి మిగిలెను. నీళ్ళడబ్బా మోయు పని యజమానికి మిగిలెను. కంపెనీ యిట్లు మిగుల్చుకొన్నదానిలో కొంత ధర తగ్గింపు రూపమున యజమానికే తిరిగివచ్చిన మాటయు నిజమే. ఈ కారు చరిత్రయంతయు ఆ ఒక్క జమాఖర్చులో నిమిడి యున్నదని నా తలంపు.

ఆ ఖాతాలో అన్నిటికంటె పెద్ద బాకీ యజమాని మణికట్టు మీద పడెను. ఉదయమున బండి కదలవలెనన్న అతడు జరుపవలసిన తంతు ఇట్టిది. మొదట చేతిబ్రేకు మీటను వెనుకకు లాగవలెను. స్టీరింగు చక్రము క్రింద మెలివేసిన మీసములవలె ఇరుప్రక్కల రెండు చిన్న మీటలుండును. కుడివైపుది ఇంజనున కందు పెట్రోలును, ఎడమవైపుది నిప్పురవ్వ పుట్టు వేళను నిర్ణయించును. ఎడమ మీటను పైకి నెట్టి రవ్వను ఆలస్యపరచవలెను. పిమ్మట తాళపుచెవి త్రిప్పి, బండి ముందుకు వచ్చి, రేడియేటరు ప్రక్కనుండి తొంగిచూచు తీగ ఉంగరమును ఒక చేత లాగిపట్టి ఛోక్ మూసి, రెండవచేత హ్యాండిలును లోనికి నెట్టి, క్రిందినుండి పైకి ఒక్క విసురున లాగవలెను. పైనుండి క్రిందికి ఎన్నడును నొక్కరాదు. బొటనవ్రేలు తక్కిన నాలుగు వ్రేళ్ళ సరసనే యుండవలెను గాని హ్యాండిలును చుట్టి పట్టరాదు. నిద్రమత్తులో ఎడమ మీట సంగతి మరచినచో రవ్వ ముందుగా పుట్టును. ఇంకను పైకి చేరని పిస్టను వెనుకకు తన్నును. ఆ తన్ను హ్యాండిలు మీదుగా వచ్చి ముంజేతి యెముకను విరుచును. హ్యాండిలు కొట్టు కార్లన్నిటికిని ఈ ప్రమాదమున్నది గాని, మోడల్ టీ వచ్చి హ్యాండిలును ఇంటింటికిని చేర్చినది. మణికట్టు కడ ఎముక విరుగుటలో ఒక విధమునకు వైద్యులు షోఫర్ ఫ్రాక్చర్ అని పేరు పెట్టిరి. షోఫర్లు, అనగా జీతపు డ్రైవర్లు, హ్యాండిలు కొట్టుట మానినను ఎముకల వైద్యగ్రంథములలో ఆ పేరు నేటికిని నిలిచియే యున్నది.

చలికాలము వచ్చినచో చిక్కు రెట్టింపగును. ఆ బండిలో గేర్లును, క్లచ్చి పలకలును ఇంజనుతో పాటు ఒకే నూనెలో తడియుచుండును. చలికి నూనె చిక్కబడి బంకవలె పట్టుటచే పలకలు ఒకదాని నొకటి విడువవు. ఇంజను లేచిన క్షణముననే బండి మెల్లగా ముందుకు జరిగి, తనను లేపినవానిని మోకాళ్ళకడ పొడుచును. హ్యాండిలు ముందట నిలిచి తన సొంత కారునకే అడుగడుగునను వెనుకంజ వేయుచు కొట్టపు గోడవరకు పోవుట ఆ కాలపు యజమానులకు అలవాటైన భంగపాటు. దీనికి విరుగుడుగా వెనుక చక్రము నొకదానిని నేలనుండి లేపి హ్యాండిలు కొట్టెడివారు; రేడియేటరులో సలసల కాగు నీరు పోసెడివారు. ఎన్నివిధముల చూచినను బాలింతకు జరుగు ఉపచారములకు ఇవి తీసిపోవు. విద్యుచ్ఛక్తితో ఇంజనును లేపు సాధనమును చార్లెస్ కెట్టరింగ్ సిద్ధపరచగా 1912 నాటి కాడిలాక్ కార్లకే అది అమరెను. మోడల్ టీ కార్లకు 1919లో గాని రాలేదు. వచ్చిన పిమ్మటను మడతకప్పు బండ్లవారు దానికి వేరుగా సొమ్ము చెల్లింపవలసి యుండెను.

హ్యాండిలు కొట్టుట యను మాట మన తెలుగువారికిని పరాయిది కాదు. సెల్ఫు చెడిన లారీకి క్లీనరు కుర్రవాడే సెల్ఫు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కరవై మన జిల్లాలలో బొగ్గు బస్సులు తిరిగినప్పుడు, వెనుక తగిలించిన కొలిమికి గాలి విసరు చక్రమును త్రిప్పి త్రిప్పి, గ్యాసు పుట్టినదని తోచిన పిమ్మట ముందుకు పరుగెత్తి హ్యాండిలు కొట్టి, మసిమొగముతో కదలుచున్న బస్సును ఎగిరి పట్టుకొనెడివాడు వాడే. బొటనవ్రేలితో చుట్టి పట్టరాదను శాస్త్రమును వాడు ఏ పుస్తకమునందును చదువలేదు. తన్ను తిని నేర్చుకొన్నాడు.

బండి లేచినది గదా, ఇక నడుపుటయైన సుకరమా యన్నచో, ఈనాటి డ్రైవరు ఎంత నేర్పరియైనను మోడల్ టీలో కూర్చున్న తక్షణమే గోడను ఢీకొనుట నిశ్చయము. కాళ్ళకడ మూడు పెడళ్ళుండును. మూడింటిలో కుడివైపుది బ్రేకు, నడిమిది వెనుక గేరు, ఎడమవైపుది ముందు గేర్లు. యాక్సిలరేటరు కాలిక్రింద లేదు, చేతిక్రింద నున్నది. ఎడమ పెడలును అడుగంట నొక్కినచో బండి నెమ్మదిగా సాగును. పూర్తిగా విడిచినచో వేగము పుంజుకొనును. ఆ రెంటికి నడుమ, ఇంత యని చెప్పరాని యొక తావున మాత్రము తటస్థముగా నుండును. మైలు పొడవైన ఎగువబాట ఎదురైనచో మైలు పొడవునను ఎడమకాలిని బిగబట్టి యుంచవలెను. మోకాలు వణకి పట్టు సడలినయెడల బండి పెద్ద గేరులో పడి ఆగిపోవును. అయినను ఈ యేర్పాటును వట్టి మోటుతనమని త్రోసివేయుట న్యాయము కాదు. ఆనాటి తక్కిన కార్లలో గేరు మార్చుట యన దంతచక్రములు ఒకదాని నొకటి కొరుకుచు అరచు ఘోరము. పట్టణములలో జీతపు డ్రైవర్లకే అది చేతనగును. మోడల్ టీలోని గేర్లు ఎల్లప్పుడు ఒకదానితో నొకటి కలిసియే యుండును. పెడలు నొక్కినచో ఒక పట్టీ ఒక డ్రమ్మును బిగించి పట్టును, అంతియ. ఎన్నడును కారు నెరుగని రైతు ఒక పూటలో నేర్చుకొనెడివాడు. బండి బురదలో దిగబడినప్పుడు ఎడమ పెడలును నడిమి పెడలును మార్చి మార్చి నొక్కి, ఊయలవలె ముందుకును వెనుకకును ఊపి బయటపడుట ఆ బండికి చెల్లినట్లు మరి దేనికిని చెల్లలేదు.

పెట్రోలెంత యున్నదో చూపు ముల్లు లేదు. ముందు సీటులోని వారందరును దిగవలెను. మెత్త తీసి, తొట్టిమూత విప్పి, గీతలు పెట్టిన పుల్ల నొకదానిని లోన ముంచి, పాతరలో కొయ్య దించి ధాన్యమును అంచనా కట్టినట్లు, తడిసిన మేరను చూచి లెక్క తేల్చవలెను. వాన కురియుచుండగా ముసలితల్లిని దింపి ఈ పని చేయువానిని ఊహింపుడు. ఇంజనునూనె కొలత దీనికంటె ఘనమైనది. ఇంజను వెనుకభాగపు అడుగున ఒకటి పైన, ఒకటి క్రిందగా రెండు చిన్న కుళాయిలుండును. యజమాని వీపు నేలకానించి బండిక్రింద దూరి, పై కుళాయి విప్పవలెను. నూనె కారినచో నిండుగా నున్నట్లు. కారకున్న క్రిందిది విప్పవలెను. అదియు పొడిగా నున్నచో ఇంజను ఆయువు మూడినట్లే. కారిన నూనె చేతిమీదుగా మోచేతివరకు పారి చొక్కాలో ఇంకును. లోపలినుండి పైకి తీయు కొలతకడ్డీ ఒకటి పెట్టుటకు ఎంత యినుము పట్టును?

1915 వరకు ఆ కార్లకు ముందు ఎసిటిలీన్ వాయుదీపములును, ప్రక్కలను వెనుకను కిరోసిన్ దీపములును ఉండెను. తరువాత విద్యుద్దీపములు వచ్చెను గాని, వాటికి మొదట బ్యాటరీ లేదు; ఇంజను గతిచక్రమునకు బిగించిన పదునారు అయస్కాంతములు తిరుగుటచే పుట్టు విద్యుత్తే వాటికి ఆధారము. దానివలన కలిగిన చోద్యమును చూడుడు. గతుకులబాటలో చీకటివేళ మెల్లగా పోవలసివచ్చినప్పుడు, అనగా వెలుగు మిక్కిలి యవసరమైనప్పుడు, దీపములు ఆముదపు దీపమువలె మిణుకు మిణుకుమనును; చక్కని బాట మీద వేగముగా పోవునప్పుడు కన్నులు చెదరునట్లు వెలిగి బల్బులు మాడిపోవును. రెండు దీపములను ఒకే తీగలో వరుసగా కూర్చినందున ఒకటి మాడినచో రెండవదియు ఆరును. ఎదుటి గోతిని చూడగోరినవాడు ఎడమ పెడలు నొక్కిపట్టి, ఇంజను గొంతు చించుకొనునట్లు పెట్రోలు మీటను లాగి, ఆ యరపులోనుండి కొంత వెలుతురును పిండుకొనవలెను.

ఇవియన్నియు విసుగు పుట్టించునవి. ప్రాణము తీయునది వేరొకటి కలదు. కుడి పెడలు నొక్కినప్పుడు ఆగునది చక్రము కాదు, గేర్లపెట్టెలోని డ్రమ్ము. ఆ యాపు పొడవైన ఇరుసు మీదుగా, వెనుక ఇరుసులోని దంతచక్రముల మీదుగా వెనుక చక్రములకు చేరవలెను. ముందు చక్రములకు ఈ పందొమ్మిదేండ్లలో ఎన్నడును బ్రేకు లేదు. వెనుక ఇరుసులో దంతచక్రములను వాటి చోటున నిలుపుటకు బాబిట్ అను మెత్తని తెల్లలోహపు ఉంగరములను వేసిరి. ఏండ్లు గడచినకొలది అవి చిట్లి పొడియై నూనెలో కలిసిపోవును. దంతములు ఒకదానికొకటి ఎడమగును. అటుపై ఆ కుడి పెడలును ఎంత నొక్కినను బండి ఆగదు, గేర్లపెట్టెలోని డ్రమ్ము మాత్రమే ఆగును. ఇది ఏదో యొక దిగువబాటలో తెలియవచ్చును. అప్పుడిక మిగిలినది చేతిబ్రేకు. అది బండిని నిలిపియుంచుటకు చాలును గాని, పరుగెత్తు బండిని ఆపుటకు చాలదు. నేడు మోడల్ టీ కొన్నవానికి తోటివారు మొట్టమొదట చెప్పు హితవు, రంగు సంగతి తరువాత చూచుకొందువు గాని ముందు వెనుక ఇరుసు విప్పి ఆ ఉంగరముల స్థానమున కంచువి వేయించుమని. వెనుక చక్రములకు అదనపు బ్రేకులు తగిలించుకొనుటయు ఆ కాలమునుండి వచ్చుచున్న ఆచారమే.

చిల్లర బాధలను లెక్కపెట్టుచు పోయిన ఊరు చేరము. ముందు టైర్ల కొలత ఒకటి, వెనుక టైర్ల కొలత మరియొకటి. కావున ఒక జత చాలదు. 1919 వరకు చక్రపు అంచు ఊడివచ్చునది కాదు గనుక పంక్చరు పడినచోటనే బాటప్రక్క కూర్చుండి టైరును ఇనుపకడ్డీలతో పెకలించి, ట్యూబు అతికి, చేతిపంపుతో గాలి కొట్టవలెను. వేసవిలో చక్రపు కొయ్య ఆకులు ఎండి కిర్రు కిర్రుమనును. చక్రములను రాత్రియంతయు నీటిలో నానవేయు ఉపాయమును అమెరికా యజమానులు కనిపెట్టిరట. ఇనుపకమ్మి వదులైన ఎడ్లబండిచక్రమును చెరువులో దింపిన మన రైతు దీనిని విన్నచో ఇందులో కనిపెట్టుట కేమున్నదని అడుగును. 1912 మొదలు 1925 వరకు అమెరికాలో చేసిన టూరింగు బండ్లకు డ్రైవరు వైపున తలుపు వలె కనబడునది తలుపు కాదు, రేకుమీద అచ్చొత్తిన తలుపు బొమ్మ. చేతిబ్రేకు మీట అడ్డు కనుక ఆ వైపునుండి ఎట్లును దిగుట కష్టమని సమాధానము చెప్పుకొనిరి.

ఇన్ని బాధలున్నను జనులు దానిని విడువలేదు, సరికదా తరగనంత ప్రేమతో దానికి ముద్దుపేర్లు పెట్టిరి, దానిమీద హాస్యపు పుస్తకములు అచ్చొత్తించుకొనిరి. దీనికి కారణము కేవలము చౌకదనము కాదు. బండి వనేడియం కలిపిన ఉక్కుతో తేలికగా, నేలకు ఎత్తుగా, వంగునట్లు కట్టబడినది. విరుగుట కంటె వంగుట దాని స్వభావము. చెడినను, చెడిన చోటు కంటికి కనబడునది. రెంచి, సుత్తి, తీగముక్క కలవాడెవడైనను దానిని బాగుచేసికొనగలడు. దాని విడిభాగములు మారుమూల దుకాణములందును దొరకును. ఇందునుండి ఒక వింత వ్యాపారము పుట్టెను. కంపెనీ పెట్టక విడిచిన ప్రతి వస్తువును మరియొకడు చేసి అమ్మసాగెను. నీటి పంపు కావలెనా, కొనుము; పెట్రోలు కొలతముల్లు కావలెనా, కొనుము; బ్రేకులు, కుదుపు తగ్గించు స్ప్రింగులు, చేతిని తన్నని హ్యాండిలు, అన్నియు సియర్స్ రోబక్ వంటి వర్తకుల కేటలాగులలో పుటలకు పుటలుగా నిండియుండెను. చవకగా కొన్న కారును పూర్తి కారుగా చేసికొనుటకు యజమాని కొనుచునే యుండవలెను. ఇది ఫోర్డు ధరలో చేరని ధర.

ఆ ధర మాత్రము ఏటేట దిగుచుండెను. 1908లో టూరింగు బండి 850 డాలర్లు. 1925 నాటికి చిన్నదైన రనబౌట్ 260 డాలర్లు. 1913లో హైలండ్ పార్కు కర్మాగారమున కదలు వరుసను నెలకొల్పినందున, ఒక చాసిస్ కూర్చుటకు పన్నెండున్నర గంటలు పట్టు పని గంటన్నరకు దిగెను. 1914 జనవరిలో రోజుకూలి ఐదు డాలర్లని ప్రకటించిరి. కూలివాడే కొనగల కారు వచ్చెను. ఆ యేటినుండి 1925 వరకు ఏ రంగు కోరినను నలుపే దొరికెను. ఇంతవరకు నేను కంపెనీ అధినేత హెన్రీ ఫోర్డును తప్పుపట్టజాలను. 1908 నాటి కొనుగోలుదారుకు ఎదుట నున్నవి రెండే మార్గములు: లోపములతో కూడిన ఈ కారు, లేదా గుఱ్ఱము. అతడు తెలిసియే కారు నెన్నుకొనెను. నా నింద యంతయు 1920 తరువాతి యేండ్ల మీద. ఆనాటికి అల్ఫ్రెడ్ స్లోన్ నాయకత్వమున జనరల్ మోటార్స్ వారి షెవ్రొలే, కొంచెము ఎక్కువ ధరకు, మూడు గేర్లతో, రంగురంగులతో, వాయిదాల మీద దొరకుచుండెను. ఫోర్డు తన కారు పరిపూర్ణమైనదనియు, దానికి మార్పు తలపెట్టుట అపచారమనియు నమ్మియుండెను. 1912లో ఆయన ఐరోపా యాత్రనుండి తిరిగివచ్చునప్పటికి పనివారు ముచ్చటపడి మెరుగుపరచిన నమూనా నొకదానిని సిద్ధముచేసి చూపగా, చేతులతోనే దాని తలుపులు పెరికివైచెనని చెప్పుదురు. 1926 జనవరిలో ఆయన కుమారుని తోడల్లుడగు ఎర్నెస్ట్ కాంజ్లర్, క్రొత్త కారు రానిదే కంపెనీకి నిలుకడ లేదని మిక్కిలి వినయముతో ఒక దీర్ఘలేఖ వ్రాసెను. ఆ యేడు గడువకముందే కాంజ్లర్ ఉద్యోగము పోయెను.

మన దేశమునకు వచ్చిన మోడల్ టీలు డెట్రాయిట్ నుండి కాక, నది కావలి యొడ్డునున్న కెనడా ఫోర్డు కంపెనీనుండి వచ్చెను. 1904లో స్థాపితమైన ఆ కంపెనీకి ఇంగ్లండు తప్ప తక్కిన బ్రిటిషు సామ్రాజ్యమంతటను అమ్ముకొను హక్కు ఉండెను. కావున కుడివైపు స్టీరింగుతో కట్టిన బండ్లు మన రేవులలో దిగెను. భారతదేశపు ఫోర్డు కంపెనీ 1926లో ఏర్పడెను. అప్పటికి ఆ కారునకు మిగిలిన ఆయువు ఒక యేడు మాత్రమే.

చివరి రోజులలో కొన్ని మార్పులు జరిగెను. 1926 నమూనాలలో చాలవాటికి పెట్రోలు తొట్టిని సీటు క్రిందనుండి తీసి, ముందు అద్దము క్రింద, ఇంజను కంటె ఎత్తున పెట్టిరి. కొండ నెక్కుటకు వెనుదిరుగవలసిన పని పదునేడేండ్ల పిమ్మట తప్పెను. 1927 మే 26వ తేదీన కోటిన్నరవ కారు హైలండ్ పార్కునుండి వెలువడెను. హెన్రీ ఫోర్డును, ఆయన కుమారుడు ఎడ్సెల్‌ను దానిలో కూర్చుండి బయటికి వచ్చిరి. వెంటనే తయారీ ఆగెను. క్రొత్త కారు సిద్ధము కానందున ఆరునెలలు అమ్మకమునకు క్రొత్త బండియే లేక, ఆ యేడు షెవ్రొలే ఫోర్డును మించిపోయెను. డిసెంబరు 2వ తేదీన మోడల్ ఏ ప్రజలకు చూపబడినది. దానికి నాలుగు చక్రములకును బ్రేకులుండెను; యాక్సిలరేటరు కాలిక్రిందికి వచ్చెను; సెల్ఫు కారుతోపాటే యుండెను; పెట్రోలు కొలతముల్లు డ్రైవరు కన్నుల యెదుట ఉండెను. 1909లో తీసివేసిన నీటి పంపును మరల పెట్టిరి.